తాగుడు మానినవాళ్ళ సంఘం: అది ఎలా పుట్టింది, మన ఊరికి దాన్ని ఎలా వెతుక్కోవాలి

ఈ ఏడాది పొదుపు ఎంత, ఇచ్చిన అప్పులు ఎన్ని, వసూలు ఎంత శాతం అన్న లెక్కలన్నీ ఈ నివేదికలో మిగతా పేజీల్లో ఉన్నాయి. ఆ లెక్కల వెనక దాగిన ఒక సంగతి గురించి ఈ వ్యాసం. కంతు ఆగిన సభ్యురాలిని ఎందుకమ్మా కట్టలేదు అని సంఘంలో అడుగుతాం. వానల్లేవు, గేదె చచ్చిపోయింది, పిల్లకి జ్వరమొచ్చింది అని జవాబులు వస్తాయి. అప్పుడప్పుడు తల వంచుకుని చెప్పే జవాబు ఇంకోటి వస్తుంది: "దాచిన డబ్బు ఆయన పట్టుకుపోయాడు." ఎక్కడికి పట్టుకుపోయాడో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. ఆమె తరఫున తలా కాస్త వేసి కంతు కట్టేసి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టి లేస్తాం.

మన సంఘం లాంటిదే ఇంకో సంఘం లోకంలో ఉంది. వారం వారం కూర్చుంటుంది, చందా తలా కాస్త వేసుకుంటుంది, ఎవరి కష్టం వాళ్ళే చెప్పుకుంటారు. తేడా ఒక్కటే. అక్కడ కూర్చునేవాళ్ళు తాగుడు మానాలనుకునేవాళ్ళు. దాని చరిత్ర తెలిస్తే, తల వంచుకున్న ఆ చెల్లెలికి చెప్పడానికి మన దగ్గర ఒక మాట ఉంటుంది.

మన పోరాటం ఎంతదాకా వచ్చింది

ముందు మన ఇంటి చరిత్ర. 1983లో ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చెయ్యడం మొదలుపెట్టింది. ఎక్కడో ఊరి చివర దొరికే సారా గడప ముందుకొచ్చింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో వయోజన విద్య నడిచింది. పగలంతా కూలికి పోయి, రాత్రి పలక పట్టిన ఆడవాళ్ళు అక్షరాలతో పాటు ఇంటి లెక్క కూడా రాసుకున్నారు. కూలి ఎంత, ఇంటికి చేరింది ఎంత, సారా కొట్టుకి పోయింది ఎంత అని. దూబగుంటలో ఆడవాళ్ళు సారాని ఊళ్ళోకి రాకుండా ఆపారు. ఆ ఊరి కథ చదువు పుస్తకంలో పాఠమై, చదివిన ప్రతి ఊళ్ళోనూ నిప్పు రాజేసింది. వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా పేరు తెచ్చుకుంది. 1992లో ఆడవాళ్ళు అడ్డుపడి నెల్లూరులో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా వేయించారు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బులోంచి రోజుకి ఒక రూపాయి దాచుకుందామని నెల్లూరు ఆడవాళ్ళు "పొదుపు లక్ష్మి" సంఘాలు పెట్టుకున్నారు. ఈరోజు మనం కూర్చుంటున్న చాపకి ఒక అంచు అక్కడే నేశారు.

1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకి రాబడి కావాలన్నారు. కొట్లు మళ్ళీ తెరుచుకున్నాయి, తర్వాత బెల్టు షాపులు వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 100కి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది మద్యం తాగుతున్నారు. తెలంగాణలో ఆడవాళ్ళలోనూ 100కి దాదాపు 7 మంది తాగుతున్నారు.

నిషేధం ఉన్న ఆ రెండేళ్ళలోనూ ఒక విషయం బయటపడింది. కొట్టు మూస్తే చాలామంది మానారు. కొంతమంది మాత్రం మానలేకపోయారు. పక్క రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వచ్చే సీసాకి రెండింతలు పోశారు, చేతులు వణికి పనికి పోలేకపోయారు. ఇలాంటివాళ్ళకి కొట్టు మూయడం ఒక్కటే సరిపోదని మన ఊళ్ళే చూశాయి. వీళ్ళ కోసం ఏం చెయ్యాలన్న ప్రశ్నకి, దూబగుంటకి దాదాపు అరవై ఏళ్ళ ముందే, మరో దేశంలో జవాబు వెతకడం మొదలైంది.

హోటల్లో ఒక ఫోను

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అని ఒక ఊరు. టైర్లు తయారయ్యే ఊరు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల వ్యాపారి అక్కడి మేఫ్లవర్ హోటల్లో దిగాడు. ఒకప్పుడు బాగా సంపాదించినవాడు. తాగి తాగి అంతా పోగొట్టుకున్నాడు. నాలుగు సార్లు ఆసుపత్రిలో పడి, 1934 డిసెంబరులో మానాడు. మానిన అయిదు నెలలకి ఏదో వ్యాపారం మీద ఆక్రన్ వచ్చాడు. ఆ వ్యాపారం చెడింది. జేబులో పది డాలర్లున్నాయి. హోటల్ వరండాలో ఒక పక్కనుంచి బారులోని నవ్వులు వినిపిస్తున్నాయి. లోపలికి పోతే ఏమవుతుందో అతనికి తెలుసు.

రెండో పక్క గోడకి ఒక ఫోను, దాని దగ్గర ఆ ఊరి చర్చీల జాబితా ఉన్నాయి. ఒక పాస్టరు గారికి ఫోన్ చేసి ఒక మాట అడిగాడు: ఈ ఊళ్ళో నాలాగా తాగుడుతో బాధపడేవాడు ఇంకొకడు కావాలి, వాడితో మాట్లాడాలి. పాస్టరు కొన్ని పేర్లిచ్చాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసుకుంటూ పోగా చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆమె దొరికింది. ఆవిడకి ఆ ఊళ్ళో ఒక డాక్టరు తెలుసు. పేరు బాబ్ స్మిత్. ఆపరేషన్లు చేసే డాక్టరు, తాగి చెయ్యి వణికే డాక్టరు.

మర్నాడు ఆదివారం, మే 12. అమెరికాలో అది అమ్మల పండగ. డాక్టరు భార్య ఆన్ స్మిత్ భర్తని వెంటబెట్టుకుని హెన్రియెట్టా ఇంటికి వచ్చింది. పదిహేను నిమిషాలే కూర్చుంటానన్న షరతు మీద వచ్చాడాయన. ఇద్దరూ ఆరు గంటల పాటు మాట్లాడుకున్నారు. బిల్ బుద్ధులు చెప్పలేదు. తాను ఎలా తాగాడో, ఎలా పడ్డాడో, ఎలా అబద్ధాలాడాడో తన కథే చెప్పాడు. డాక్టరుకి తాగుడు గురించి పుస్తకాల్లో ఉన్నదంతా తెలుసు. కానీ తన లోపలి సంగతి తనకే చెప్పగలిగిన మనిషిని ఆయన చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత కూడా డాక్టరు ఒకసారి జారిపోయాడు. డాక్టర్ల సభకని వేరే ఊరు వెళ్ళి, తాగి తిరిగొచ్చాడు. ఎవరూ తలుపు మూయలేదు. 1935 జూన్ 10న ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే ఈ సంఘం పుట్టినరోజుగా లెక్కేస్తారు. వెంటనే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళి, మంచానికి కట్టేసి ఉన్న ఒక వకీలుతో మాట్లాడారు. ఆయన మూడోవాడయ్యాడు. ఒకరితో ఒకరు, ఆ ఇద్దరితో ఇంకొకరు. మన సంఘాలూ ఇలాగే పెరిగాయి కదా.

పేరు లేని సంఘం, డబ్బు లేని సంఘం

1939 ఏప్రిల్‌లో వాళ్ళ అనుభవాలతో ఒక పుస్తకం వేశారు. అప్పటికి మానినవాళ్ళు వంద మంది దాకా ఉన్నారు. పుస్తకం పేరే సంఘం పేరైంది: ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరు చెప్పుకోని తాగుడు బాధితులు అని అర్థం. క్లుప్తంగా ఎ.ఎ. అంటారు. పేరు ఎందుకు చెప్పుకోరంటే, ఆ రోజుల్లో తాగుబోతని తెలిస్తే ఉద్యోగం పోయేది. మీటింగులో విన్నది బయటికి పోకూడదన్న కట్టుబాటు అప్పటినుంచీ ఉంది. సంఘంలో చెప్పుకున్న ఇంటి గుట్టు బావి దగ్గర వినబడితే ఆ సంఘం ఎన్నాళ్ళు నిలబడుతుందో మనకి తెలుసు.

డబ్బు విషయం ఇంకా గమ్మత్తు. మొదట్లో వాళ్ళకి పెద్ద ఆసుపత్రులు కట్టాలని, జీతాలిచ్చి మనుషుల్ని పెట్టాలని ఆశ ఉండేది. 1938లో ఆ దేశంలో పేరుమోసిన ధనవంతుడు జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్ దగ్గరికి పోయారు. ఆయన అంతా విని మెచ్చుకున్నాడు, 5,000 డాలర్లు మాత్రం ఇప్పించాడు. ఎక్కువ డబ్బు వస్తే ఈ పని చెడిపోతుందన్నాడు. అప్పుడు నిరాశపడ్డారు గానీ తర్వాత అదే మాటని నియమంగా పెట్టుకున్నారు. బయటివాళ్ళ విరాళం తీసుకోరు. ప్రవేశ రుసుం లేదు, నెల చందా లేదు. మీటింగు చివర్లో ఒక సంచీ తిప్పుతారు, ఉన్నవాళ్ళు ఉన్నంత వేస్తారు. గది అద్దెకి, టీకి సరిపోతే చాలు. లేనివాళ్ళు వెయ్యక్కర్లేదు.

చేరడానికి ఒకే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. కులం, మతం, చదువు ఏదీ అడగరు. వాళ్ళ పద్ధతిలో పన్నెండు మెట్లున్నాయి. నా వల్ల కావడం లేదని ఒప్పుకోవడం మొదటి మెట్టు. చేసిన తప్పులు లెక్కేసుకోవడం, నష్టపోయినవాళ్ళకి వీలైనంత సరిదిద్దడం మధ్య మెట్లు. ఇంకో బాధితుడికి సాయం చెయ్యడం చివరి మెట్టు. దేవుడి మాట వస్తుంది గానీ ఎవరికి తోచిన దేవుడు వాళ్ళకే. జన్మలో తాగనని ఒట్టు పెట్టించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం అంటారు. అమ్మవారి ముందు, అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు పెట్టిన ఒట్లు మాల తీశాక ఏమవుతాయో చూసిన మనకి, ఒక్కరోజు లెక్కలోని తెలివి అర్థమవుతుంది. రోజుకి ఒక రూపాయి పొదుపు కూడా ఆ తెలివే.

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు

ఈ చరిత్రలో ఇద్దరు మగవాళ్ళ పేర్లే ముందు వినిపిస్తాయి. ఇద్దర్నీ కలిపింది హెన్రియెట్టా. ఆ ఎండాకాలమంతా బిల్‌కి తమ ఇంట్లోనే చోటిచ్చి, వచ్చిన ప్రతి తాగుబోతుకీ కాఫీ పోసి, వాళ్ళ భార్యల కన్నీళ్ళు విన్నది ఆన్. 1939లో ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే కన్యాస్త్రీ తాగుడు రోగుల్ని మిగతా రోగుల్లాగే చేర్చుకుంది. అప్పట్లో ఆసుపత్రులు వాళ్ళని గడప తొక్కనిచ్చేవి కావు. ఆమె, డాక్టర్ బాబ్ కలిసి దాదాపు 5,000 మందికి వైద్యం చేశారు. దానికి డాక్టరు ఫీజు తీసుకోలేదు. ఇంటికి పోయే ప్రతి మనిషి చేతిలో ఆ సిస్టరు ఒక చిన్న పతకం పెట్టేది. మళ్ళీ తాగాలనిపిస్తే, ముందు అది తెచ్చి తనకి తిరిగి ఇచ్చేసి అప్పుడు తాగమనేది.

అందరికన్నా లోయిస్ విల్సన్ కథ మనకి దగ్గరగా ఉంటుంది. ఆమె బిల్ భార్య. భర్త తాగి పడి ఉన్న ఏళ్ళలో డిపార్ట్‌మెంట్ స్టోరులో పనిచేసి ఇల్లు నడిపింది. ఆయన మానాక సంతోషపడాలి కదా. ఒక ఆదివారం మీటింగుకి టైమవుతోంది, త్వరగా తయారవమని ఆయన తొందరపెడితే, ఆమెకి ఒళ్ళు మండి చేతిలోని చెప్పు విసిరికొట్టింది. తర్వాత కూర్చుని ఆలోచించింది. ఇన్నేళ్ళు నేను ప్రేమతో, కోపంతో, ఏడుపుతో మాన్పించలేనివాణ్ణి ఎవరో కొత్తవాళ్ళు మాన్పించారన్న కుళ్ళు తనలో ఉందని తెలుసుకుంది. తాగుడు ఆయనకి జబ్బయితే, ఆయన వెంట పరిగెత్తి పరిగెత్తి తనకీ ఒక జబ్బు పట్టిందని అర్థం చేసుకుంది.

మగవాళ్ళు గదిలో మీటింగు పెట్టుకుంటే భార్యలు వంటింట్లో కాఫీ కాస్తూ, బయట కార్లలో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. అలా కూర్చున్న చోటే వాళ్ళూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1951లో లోయిస్, ఆన్ అనే ఇంకో స్నేహితురాలు కలిసి, దేశంలో అక్కడక్కడా పుట్టిన ఇలాంటి 87 కుటుంబ బృందాలకి ఉత్తరాలు రాసి ఒక్కటి చేశారు. అదే అల్-అనాన్. తాగేవాళ్ళ భార్యలకి, తల్లులకి, పిల్లలకి ప్రత్యేకంగా ఉన్న సంఘం. 1957లో పిల్లల కోసం అలటీన్ అన్న శాఖ వచ్చింది. అల్-అనాన్‌లో మొదట నేర్పేది ఇది: ఆయన తాగుడుకి నువ్వు కారణం కాదు, దాన్ని నువ్వు అదుపు చెయ్యలేవు, నువ్వు నయం చెయ్యలేవు, కానీ నీ బతుకు నువ్వు బాగుచేసుకోవచ్చు. ఆయన మానినా మానకపోయినా నువ్వు అక్కడికి పోవచ్చు. ఈ మాట మన సభ్యులందరూ గుర్తుపెట్టుకోవాలి.

తాగే ఆడవాళ్ళ సంగతీ చెప్పాలి. మొదట్లో మగ సభ్యులు ఆడవాళ్ళని చేర్చుకోవడానికి జంకారు. 1939లో న్యూయార్కు మీటింగుకి వచ్చి, మాని, నిలబడిన మార్టీ మాన్ ఆ దారి తెరిచింది. తాగుడు సిగ్గుపడాల్సిన పాపం కాదు, నయం చెయ్యదగ్గ జబ్బు అని దేశమంతా తిరిగి చెప్పింది. 1956లో అమెరికా వైద్యుల సంఘం కూడా దాన్ని జబ్బుగా ఒప్పుకుంది.

మీటింగ్ ఎక్కడుందో ఎలా తెలిసేది

మొదటి మీటింగు ఒక ఫోను మీద దొరికింది. తర్వాతివి ఉత్తరాల మీద దొరికాయి. పుస్తకంలో ఒక పోస్టుబాక్సు నంబరు వేశారు. న్యూయార్కులోని చిన్న ఆఫీసులో రూత్ హాక్ అనే ఉద్యోగిని ఆ ఉత్తరాలకి జవాబులు రాసేది. 1941 మార్చి 1న శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ అనే పెద్ద పత్రికలో జాక్ అలెగ్జాండర్ అనే విలేకరి ఈ సంఘం గురించి రాశాడు. ఉత్తరాలు వేలల్లో వచ్చి పడ్డాయి. చాలా వాటిలో భార్యల, తల్లుల చేతిరాత. మా ఊరికి దగ్గర్లో ఎవరున్నారు అనే ఒకే ప్రశ్న. సరుకు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగే సభ్యులకి ఆ చిరునామాలు ఇచ్చి పంపేవాళ్ళు. వాళ్ళు పోయి తలుపు తట్టేవాళ్ళు. ఆ ఏడాది మొదట్లో దాదాపు 2,000 ఉన్న సభ్యులు సంవత్సరం చివరికి 8,000 అయ్యారు.

ఇంత పెరగడానికి ఒక మందు కనిపెట్టలేదు, ఒక యంత్రం కనిపెట్టలేదు. ఎవరో ఒకరు అడిగారు, ఇంకొకరు జవాబు చెప్పారు. అంతే.

మన దేశానికి ఎ.ఎ. 1957లో వచ్చింది, బొంబాయిలో మొదలైంది. తర్వాత మిగతా నగరాలకి, తమిళం, మలయాళం, మరాఠీ, హిందీ మాట్లాడే చోట్లకి పాకింది. మన హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లోనూ మీటింగులు జరుగుతున్నాయి.

వైద్యం వైపు చూస్తే, మద్రాసులో శాంతి రంగనాథన్ 1979లో తాగుడు వల్ల భర్తని పోగొట్టుకుంది. మరుసటి ఏడాదే తాగుడు మాన్పించే ఆసుపత్రి పెట్టింది. అది టి.టి.కె. ఆసుపత్రిగా పేరు పొందింది. పల్లెజనం మద్రాసు దాకా రాలేరని తంజావూరు వైపు మంజక్కుడి అనే పల్లెలో వాళ్ళు పదిహేను రోజుల శిబిరాలు పెట్టారు. ఊరే చోటిచ్చింది, కుటుంబాలూ పాల్గొన్నాయి. పుణెలో డాక్టర్ అనితా అవచట్, ఆమె భర్త అనిల్ అవచట్ 1986లో ముక్తాంగణ్ స్థాపించారు. ఈ రెండు చోట్లా మందుతో పాటు బృందంలో కూర్చోబెట్టడం, ఇంటివాళ్ళని కలుపుకోవడం వైద్యంలో భాగమే.

ఇది పనిచేస్తుందా అని మీరడగవచ్చు. 2020లో పరిశోధకులు 10,000 మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను కలిపి చూశారు. పూర్తిగా మానేసి అలాగే నిలబడటంలో, ఎ.ఎ. మీటింగులకి అలవాటు చేసే పద్ధతి మిగతా చికిత్సా పద్ధతులకి తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేలింది. అందరికీ పనిచెయ్యదు. కొందరికి మందులు కావాలి, కొందరికి మనసు జబ్బు కూడా ఉంటుంది. అయినా ఎక్కువమంది అసలు ఏ సాయం దగ్గరికీ చేరడమే లేదు. 2019లో ప్రభుత్వం ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం తాగుడుకి పూర్తిగా బానిసైనవాళ్ళు 38 మంది ఉంటే అందులో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే. మిగిలిన 37 మంది ఇళ్ళు మన సంఘాల్లోనే ఉన్నాయి.

మనం ఎలా వెతకాలి

చరిత్ర చదివితే కడుపు నిండదు కాబట్టి, చెయ్యాల్సిన పని వరసగా రాస్తున్నాం.

మొదటిది, ఫోను. మత్తు అలవాట్లు మానడానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మనసు బాధలకి టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మా మండలానికి దగ్గర్లో డీ-అడిక్షన్ సెంటరు ఎక్కడుంది, ఎ.ఎ. మీటింగు ఎక్కడ జరుగుతుంది, అల్-అనాన్ ఉందా అని మూడూ అడగండి. భార్య, తల్లి, కూతురు ఎవరైనా ఫోన్ చెయ్యవచ్చు. ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు.

రెండోది, ఆసుపత్రి. జిల్లా పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరుని కలవండి. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానితే వణుకు, ఫిట్సు, లేనివి కనబడటం, మతి తప్పడం వస్తాయి. ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కొట్లు, కల్లు దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్ళని పెద్ద సంఖ్యలో తీసుకొచ్చారు. కల్తీ కల్లు తాగేవాళ్ళకీ ఇదే ప్రమాదం. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలనుకోకండి. ముందు డాక్టరు, తర్వాత మీటింగు.

మూడోది, తెలియకుండా అన్నంలో కలిపే మందుల జోలికి పోకండి. గోడల మీద ప్రకటనలు చూసి కొందరు కొంటున్నారు. అలాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే గుండెకే ముప్పు రావచ్చు. డాక్టరు రాసినా ఆ మనిషికి తెలిసే వెయ్యాలి.

నాలుగోది, మీటింగుకి పోయేముందు తెలుసుకోవాల్సినవి. బహిరంగ మీటింగు అంటే ఎవరైనా రావచ్చు, మీరూ ఆయన పక్కన కూర్చోవచ్చు. మూసిన మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్ళకి మాత్రమే. ఏ భాషలో జరుగుతుంది, ఎన్ని గంటలకి, చివరి బస్సు దొరుకుతుందా అని ముందే కనుక్కోండి. మొదటిరోజు మాట్లాడక్కర్లేదు, విని రావచ్చు. ఆ చోటు నచ్చకపోతే ఇంకో మీటింగు చూడండి. మధ్యలో జారిపడి తాగినా మళ్ళీ పోవచ్చు. డాక్టర్ బాబ్ కూడా జారి లేచినవాడే. డబ్బు కట్టమని ఎవరైనా బలవంతపెడితే అది ఎ.ఎ. కాదని గుర్తుపెట్టుకోండి. కొట్టే సెంటర్లు, గొలుసులు వేసే సెంటర్లు కూడా ఉంటాయి. చేర్పించేముందు పోయి కళ్ళతో చూడండి, అనుమతి ఉందా, డాక్టరు ఉంటాడా అని అడగండి.

అయిదోది, కొడుతుంటే భరించమని ఈ సంఘాలేవీ చెప్పవు. జబ్బు అన్నంత మాత్రాన దెబ్బలకి మాఫీ లేదు. 181 మహిళా హెల్ప్‌లైను, ప్రమాదం ఎదురుగా ఉంటే 112. ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండాలి.

సమాఖ్య చేయగలిగినది

గ్రామ సంఘాల ముందు మేం పెడుతున్న ప్రతిపాదనలు చిన్నవే. ప్రతి మండల సమాఖ్య ఆఫీసులో, దగ్గరున్న ఆసుపత్రి, సెంటరు, మీటింగుల వివరాలు ఒక బోర్డు మీద రాసి పెట్టాలి. ఆరు నెలలకోసారి ఫోన్ చేసి అవి ఇంకా నడుస్తున్నాయో లేదో సరిచూడాలి. దగ్గర్లో మీటింగు లేని చోట, మాని ఏడాది దాటిన మనిషి ఎవరైనా ఉంటే, ఆయన నలుగురితో కూర్చోవడానికి గ్రామ సంఘం గది వారానికి ఒక సాయంత్రం ఇవ్వవచ్చు. తాళం చెవి ఇచ్చి మనం బయటికి రావాలి. ఆ మీటింగుకి మన మినిట్స్ పుస్తకం వద్దు, హాజరు పట్టీ వద్దు, ఫోటోలు వద్దు. పేర్లు రాస్తే రేపటినుంచి ఎవరూ రారు.

భార్యలు, తల్లులు కూర్చోవడానికి మాత్రం మనమే చోటు కల్పించాలి. మామూలు సంఘం మీటింగు అయ్యాక ఇంకో అరగంట ఉండగలిగినవాళ్ళు ఉండవచ్చు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు వినాలి. సలహాలు అడిగితేనే ఇవ్వాలి.

ఆ అరగంటకి ఖర్చేమీ లేదు, బడ్జెట్టులో పద్దు అక్కర్లేదు. నెల్లూరు ఆడవాళ్ళు కొట్టు ముందు నిలబడ్డారు. లోయిస్ వంటింట్లో కాఫీ కాస్తున్న ఆడవాళ్ళని పోగుచేసింది. ఇకమీద ఎవరైనా "ఆయన పట్టుకుపోయాడు" అని తల వంచుకుంటే కంతు కట్టేసి లేవకండి. మీటింగు అయ్యాక ఉంటావా చెల్లీ, ఒక నంబరు ఇస్తాను, ఇద్దరం కలిసే ఫోన్ చేద్దాం అనండి. ఎ.ఎ. కూడా ఒక ఫోనుతోనే మొదలైంది.